పాలు మాన్పించిన వారం

నా భార్య స్వరూపకు మాదాపూర్‌లో ఒక ఆఫీసు ఊడ్చి తుడిచే పని దొరికింది. అప్పటికి పాపకు తొమ్మిది నెలలు. పాపను చూసుకోవడానికి మా అమ్మ ఊరి నుంచి బోరబండలోని మా ఇంటికి వచ్చింది. పాప మాత్రం తల్లి పాలు తప్ప ఇంకేదీ తాగేది కాదు.

"వేపాకు నూరి రొమ్ముకు రాసుకో బిడ్డా. రెండు దినాలు ఏడుస్తది, ఇగ మర్చిపోతది," అంది అమ్మ.

స్వరూప రాసుకుంది. పాప నోరు పెట్టి, చేదుకు ఉలిక్కిపడి, తల్లి ముఖంలోకి చూసింది. రెండు రోజులు ఏడ్చింది. మూడోరోజు పాల గ్లాసు రెండు చేతులతో పట్టుకుని తనే తాగింది.

"సూడు, చాయ్ తాగే పెద్దసారు లెక్క!" అమ్మ నవ్వింది.

ఆదివారం స్వరూప వేపచేదు పోయేలా సబ్బుతో రుద్దుకుని స్నానం చేసి, పాపను ఒడిలోకి తీసుకుంది.

"మళ్ల అలవాటు జేస్తవా?"

"ఒక్కసారే అత్తమ్మా. పాలు ఇంకా వస్తనే ఉన్నయి."

పాప ఆ రొమ్మును చూసి పెదాలు బిగించింది. ఒడిలోంచి జారి, నానమ్మ వైపు పాకింది.

స్వరూప అలాగే కూర్చుండిపోయింది. అమ్మ పాపను ఎత్తుకోలేదు. లేచి వచ్చి, కోడలి పైట సర్ది, పక్కనే కూర్చుంది.