గుర్తు తెలియని చొక్కా

నా నోట నిజం రావడం, అమావాస్యనాడు చంద్రుడు రావడం ఒకటేనని మా లాండ్రీలో నానుడి. మొసలికి ఇస్త్రీ చేశానని చెప్పినవాణ్ణి మరి. పోలీస్ స్టేషన్ వాళ్ల ప్రకటన చదివాక తెలిసింది, అబద్ధాల్లో నేనింకా ఓనమాల దగ్గరే ఉన్నానని.

సోమవారం పట్టపగలు, నలభై మందిమి చూస్తుండగా ఈలగాణ్ణి తడిచేతులతోనే జీపెక్కించారు. ఉతుకుతూ ఈల వేస్తాడని ఆ పేరు. లాకప్పులో తన్నులు తిన్నవాడి తరఫున సాక్ష్యం చెబుతానన్నాడు, అదీ వాడి నేరం. బుధవారం ప్రకటన వచ్చింది: గుర్తు తెలియని దుండగుడు ఎదురు నిలిచి కాల్పులు జరిపాడు, ఆత్మరక్షణకు కాల్చాం, దిక్కులేని శవం కనుక దహనం చేశాం.

"మరి మా ఈలగాడేడి?" స్టేషన్‌కెళ్లి అడిగాం.

"సోమవారం సాయంత్రమే వదిలేశాం."

గురువారం స్టేషన్ ఖాకీల మూట ఎప్పట్లాగే మాకే వచ్చింది. విప్పితే గుప్పుమని కుళ్లు వాసన. మధ్యలో నెత్తురు అట్టకట్టిన చొక్కా. కాలరు తిప్పాను. మూడు చుక్కలు, ఓ కొక్కెం. బట్టలు కలిసిపోకుండా చెరగని సిరాతో నేను ఈలగాడికి వేసిన గుర్తే. వీపున చిల్లు, చుట్టూ మసి.

మా దగ్గరే ఇస్త్రీ చేసే అమ్మాయి, ఈలగాడి అక్క, వంగి చూసింది. "ఇది ఇస్త్రీపెట్టె మాడు కాదు తాతా. తుపాకీ వీపుకి ఆనించి కాల్చారు."

మావాడి నెత్తురు మా చేతే కడిగించబోయారు!

"చొక్కా స్టేషన్‌కే ఇచ్చేద్దాం. విచారణ చేస్తారటగా," అని నసిగాడు బట్టలకు గంజిపెట్టే గంజి మామ.

"ఎవరు? కాల్చినవాళ్లేనా? మురికిగుడ్డ తన్ను తానే ఉతుక్కుంటుందా మామా? బయటి జడ్జి విచారించాలి. కాల్చినవాడి మీద కేసు కట్టాలి. అప్పటిదాకా ఒక్క ఖాకీ తడవకూడదు!" అంది అక్క.

"ఉతకం!" తొట్ల దగ్గర నడుములన్నీ నిటారయ్యాయి. అందరికంటే గట్టిగా అరిచింది గంజి మామే.

అక్క చొక్కా పట్టుకుని కోర్టుకు పరుగెత్తింది. ఆమె చేరేదాకా, చొక్కా కోసం వచ్చే పోలీసుల్ని ఆపాలి. సిరాబుడ్డి తీసి మా నలభై చొక్కాల మీద అదే గుర్తు వేసి తీగకెక్కించాను.

ఇన్‌స్పెక్టర్ దిగాడు. "ఏరా ముసలాడా, పొరపాటున వచ్చిన చొక్కా ఏది?"

"శుభ్రంగా ఉతికేశాం సార్. మూడు చుక్కలూ ఓ కొక్కెం, ఏరుకోండి."

నెత్తురు పోయిందని వాడి మొహం విప్పారింది. ఛీ, ఆ నవ్వు! ఒక్కో చొక్కా తిప్పుతూ చిల్లు వెతికాడు. ముప్పయ్యోది తిప్పుతుండగా కోర్టు వైపు నుంచి ఈల. దుకాణం నుంచి దుకాణానికి అందుకుంటూ వచ్చింది. అక్కతో ముందే అనుకున్నాం, చొక్కా మేజిస్ట్రేటు బల్లెక్కిందని దానర్థం.

"ఎక్కండ్రా వ్యాను!" చొక్కా చేజారిందని గ్రహించి ఇన్‌స్పెక్టర్ అరిచాడు.

తీగ మీది చొక్కాలు తొడుక్కునే ఎక్కాం. స్టేషన్‌లో రైటరు కలం తీశాడు. "పేరు?"

నేను కాలరు తిప్పాను. నా వెనక అందరూ తిప్పారు.

"సరిగా రాసుకో నాయనా. మూడు చుక్కలు, ఓ కొక్కెం. రేపు మాలో ఎవర్ని కాల్చినా, గుర్తు తెలియలేదనకండి."