మెట్ల మలుపులో కుర్చీ

ఇత్తడి పలక మీద వేలిముద్రలన్నీ పోయేదాకా అతను తుడుస్తూనే ఉంటాడు. పొద్దున్నే ఇనుప జాలీ తలుపు పక్కకి లాగి, లిఫ్టులోకి అడుగుపెట్టి, జేబులోంచి పసుపు గుడ్డ తీసి, ముందు లిఫ్టు నడిపే పిడి, తర్వాత దాని చుట్టూ ఉన్న పలక, ఆ తర్వాత మూడు వైపులా నడుము ఎత్తున ఉన్న కడ్డీ. అక్కడ చేతులు పెట్టొద్దని బోర్డు ఉంది. చదివినవాళ్ళు కూడా చదువుతూనే చెయ్యి పెడతారు. నిన్న పైకి వెళ్ళినవాళ్ళూ కిందికి దిగినవాళ్ళూ అందరూ ఆ గుడ్డలోకి సర్దుకున్నాక, దాన్ని మడిచి జేబులో పెట్టుకుని తన స్టూలు మీద కూర్చున్నాడు.

ఈ మధ్య కూర్చున్నాక కూడా స్టూలు అంచు కనిపిస్తోంది. ఏడాది కిందట కనిపించేది కాదు. వంగి చూశాడు. కనిపిస్తోంది.

ఆ భవనంలో చిన్నా పెద్దా అందరికీ అతను లిఫ్టు బాబాయే. కుర్రతనంలో పొట్ట చేత పట్టుకుని ఇక్కడికి వచ్చాడు. అయితే అప్పుడు పట్టుకోవడానికి ఆ పొట్ట ఉండేది కాదు. తర్వాత వచ్చింది. ఎవరికి ఉద్యోగంలో పైమెట్టు దక్కినా, ఎవరింట్లో బిడ్డ పుట్టినా, మొదట తెలిసేది లిఫ్టులోనే. డబ్బా మూత తీసి, "ముందు నువ్వు నోరు తీపి చేసుకో బాబాయ్" అనేవాళ్ళు. వద్దంటే వాళ్ళ సంతోషాన్ని కాదన్నట్టు ఉంటుందని తినేవాడు. ఒక్కోరోజు మూడు అంతస్తుల సంతోషం. అట్లా ఊరివాళ్ళ శుభవార్తలన్నీ అతని నడుము చుట్టూ పేరుకున్నాయి. యాభై దాటేసరికి బూటు తాళ్ళు భార్య కట్టాల్సి వచ్చింది.

డాక్టరు మోకాళ్ళు నొక్కి చూశాడు, ఊపిరి పీల్చమన్నాడు, వదలమన్నాడు. ఏం పని చేస్తావని అడిగాడు. చెబితే కళ్ళజోడు పైనుంచి చూశాడు.

"రోజంతా ఎక్కుతూనే ఉంటావన్నమాట. ఒక్కసారైనా నీ కాళ్ళతో ఎక్కు."

అది మాత్రమే అయితే అతను నవ్వి ఊరుకునేవాడేమో. ఆ నెలలోనే భవనం మేనేజరు పిలిచి, ఈ లిఫ్టు తీసేసి దానంతటదే నడిచే కొత్త లిఫ్టు పెడుతున్నామని చెప్పాడు. అందులో స్టూలుకి చోటుండదు. బిగించడానికి నెలలు పడుతుంది. అన్నాళ్ళూ మెట్లు ఎక్కి దిగుతూ ప్రతి అంతస్తులో దీపాలు చూసుకుని, మేడ మీద నీళ్ళ ట్యాంకు కనిపెట్టుకుని ఉండే మనిషి కావాలి. తర్వాత కూడా కావాలి. ఆ పని అతనికే ఇద్దామని ఉందంటూ మేనేజరు అతని పొట్టకేసి చూసి, మాట అక్కడితో ఆపేశాడు. ఆపేసిన మాటే అతనికి గట్టిగా వినబడింది.

రేపు పొద్దున్న మేనేజరు అతన్ని వెంటబెట్టుకుని మెట్ల మీదుగా ట్యాంకు దాకా వెళ్తాడు. మధ్యలో కూలబడితే ఇక ఇంటికే.

ఇంట్లో భార్య కంచం మార్చేసింది. పాతదాన్ని అటక ఎక్కించి, చిన్నపిల్లల కంచమంత దాన్ని ముందు పెట్టింది. అందులో సగం ఉడికించిన కూరలూ కీరా ముక్కలూ. టీలో పంచదార మానేసింది, తన టీలో కూడా. చీకటి పడకముందే భోజనం. "నోరు కట్టేసుకో. తర్వాత నీ బూటు తాళ్ళు నువ్వే కట్టుకుంటావు" అంది. రోజూ ఒక ఆపిల్ కాయ అతని సంచిలో పెడుతుంది. అది తిన్నాడో లేదో సాయంత్రం అతని మొహం చూసి చెప్పేస్తుంది.

ఆకలి గురించి అతనికి కొత్త సంగతులు తెలిశాయి. పదకొండింటికి వచ్చే ఆకలి నిజం ఆకలి కాదు. బెల్లు కొట్టి చూస్తుంది. కాసేపు పలకకపోతే విసుక్కుని మెట్లు దిగి వెళ్ళిపోతుంది. ఒంటిగంటకి వచ్చేది నిజంది. అది బెల్లు కొట్టదు, వచ్చి ఎదురుగా నిలబడుతుంది. ఇన్నేళ్ళూ రెండింటికీ ఒకేలా తలుపు తీశానే అనుకుని అతను ఆశ్చర్యపోయాడు.

అంతకంటే ఆశ్చర్యం మెట్లు. మధ్యాహ్నం లిఫ్టు ఆపే వేళలో ఎక్కడం మొదలుపెట్టాకగానీ, ఇన్నేళ్ళుగా పనిచేస్తున్న భవనంలో సగం తను చూడనేలేదని తెలియలేదు. రెండో అంతస్తు మలుపులో ఎవరో కుండీలో కొత్తిమీర పెంచుతున్నారు. మూడో అంతస్తు పైన, లిఫ్టులో ఎప్పుడూ నవ్వుతూ ఉండే గుమాస్తా కిటికీ దగ్గర నిలబడి ఫోనులో ఎవరినో బతిమాలుతూ కనిపించాడు. ఇద్దరూ చూడనట్టే ఉండిపోయారు. మెట్లు ఊడ్చే ఆమె మొదటిరోజు చీపురు ఆపి, "లిఫ్టు బాబాయ్ మెట్లెక్కుతున్నాడంటే లిఫ్టు అలిగిందా, పిన్ని అలిగిందా?" అంది. ఇద్దరూ అలిగారని చెప్పాడు, ఆయాసంతో. ఆ రోజు ఎక్కింది ఒకటే అంతస్తు. గోడ పట్టుకుని నిలబడ్డాడు.

మర్నాడు సరిగ్గా ఆ గోడ పక్కన కుర్చీ ఉంది.

పాత చెక్క కుర్చీ. కూర్చునే చోట చాలా ఏళ్ళు ఎవరో కూర్చుని కూర్చుని నున్నగా చేసిన పల్లం. కూర్చున్నాడు. ఎవరిదైతేనేం అనుకున్నాడు. వారం తర్వాత రెండో అంతస్తు దాకా ఎక్కగలిగాడు. ఆ వారం కుర్చీ రెండో అంతస్తులో ఉంది. మూడో దాకా ఎక్కితే మూడులో. ఎప్పుడూ ఒక్క మెట్టు ముందు కాదు, వెనక కాదు, అతని ఊపిరి అయిపోయే చోట. ఎవరు జరుపుతున్నారో ఊడ్చే ఆమెకి తెలియదు. గుమాస్తాని అడగడానికి మొహం చెల్లలేదు. కుర్చీ వీపు మీద మాత్రం తెల్లటి పొడి, వేళ్ళ ఆకారంలో. సున్నమో, పిండో. అయిదో అంతస్తులో రంగులు వేస్తున్న పనివాళ్ళని అనుమానించాడు. వాళ్ళు పని ముగించి వెళ్ళిపోయారు. కుర్చీ ఆరో అంతస్తుకి, తర్వాత ఏడుకి ఎక్కింది. పొడి అట్లాగే ఉంది.

అతను ఒక్క రోజు కూడా దాన్ని తుడవలేదు. ఎందుకో గుడ్డ అటు పోలేదు.

అయితే వారం రోజులుగా కుర్చీ ఏడో అంతస్తులోనే ఉండిపోయింది. ఊపిరి ఇంకా మిగిలి ఉన్నా, అది అక్కడ ఉంది కాబట్టి అతనూ అక్కడే కూర్చుంటున్నాడు. జరిపేవాళ్ళు వస్తున్నారో లేదో తేల్చుకుందామని, నిన్న తన ఆపిల్ కాయ దాని మీద పెట్టి దిగాడు. భార్య మొహం చూసి, "ఈరోజు తినలేదు" అంది.

ఇవాళ పదింటికి జనం వచ్చారు. తొమ్మిదో అంతస్తుకి ఒక ముసలాయన వచ్చాడు. పళ్ళు ఒక్కటీ లేవు, రుమాలుతో నోరు కప్పుకున్నాడు. కట్టుడు పళ్ళు చేసే ఆయన గది ఆ అంతస్తులో ఉంది. అట్లాంటివాళ్ళని లిఫ్టు బాబాయి ఎన్నేళ్ళుగానో పైకి తీసుకెళ్తున్నాడు. నోరు మూసుకుని ఎక్కుతారు, అద్దంలో చూసుకుంటూ దిగుతారు. ఆ పళ్ళాయన్ని మాత్రం అతను ఎప్పుడో గుమ్మం దగ్గర దూరంనుంచి చూడటమే. లిఫ్టు ఎక్కడు. ఆయన భార్య ఎక్కుతుంది. తొమ్మిదో అంతస్తు అమ్మగారు, చేతిలో గుడ్డసంచి, ఎక్కేటప్పుడు ఒక చిరునవ్వు, దిగేటప్పుడు ఒకటి, మధ్యలో మాట లేదు. వారంగా ఆమె కూడా రావడం లేదు.

ముసలాయన వెంటనే దిగివచ్చాడు. "ఇవాళా తాళమే బాబూ. మెత్తటివి తిని తిని విసుగొచ్చింది" అన్నాడు, రుమాలు వెనకనుంచి.

ఒంటిగంటకి లిఫ్టు కట్టేసి అతను మెట్లెక్కడం మొదలుపెట్టాడు. డాక్టరు మెట్లు లెక్కపెట్టుకోమన్నాడుగానీ అతనికి లెక్క నిలవదు, ప్రతి మలుపులో ఏదో ఒకటి చూస్తూ తప్పిపోతుంది. కొత్తిమీర కోసేశారు, మొదళ్ళు మిగిలాయి. మూడో అంతస్తు కిటికీ దగ్గర ఎవరూ లేరు. అయిదు దాటాక తొడల్లో వేడి పుట్టింది. భయపెట్టే వేడి కాదు, పొయ్యి రాజుకున్నట్టు పనికొచ్చే వేడి. ఏడో అంతస్తుకి చేరాడు.

కుర్చీ ఉంది. దాని మీద ఆపిల్ ఉంది, పెట్టిన చోటే, పెట్టినట్టే.

కూర్చోవాలంటే దాన్ని తియ్యాలి. తీశాడు. చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. రేపటి సంగతి ఆ క్షణంలో గుర్తు లేదు. ఎవరికో ఏదో అయిందని మాత్రం అనిపించింది. పైకి చూశాడు. వచ్చేది పైనుంచే అయి ఉండాలి. కింది అంతస్తులవాళ్ళు ఇంత దాకా ఎందుకు మోస్తారు? ఒక మెట్టు ఎక్కాడు. దాని మీద ఊడ్చినా పోని తెల్లటి మరక కనిపించింది, కాలి మడమంత. పైమెట్టు మీద ఇంకొకటి. వంగి చూస్తూ, ఎక్కుతూ, ఇంకొకటి ఎక్కడా అని వెతుక్కుంటూ వెళ్ళాడు. ఎనిమిదో అంతస్తు ఎప్పుడు దాటాడో చూసుకోలేదు.

తొమ్మిదో అంతస్తులో మరకలు ఒక తలుపు ముందు ఆగిపోయాయి. కాళ్ళు తుడుచుకునే పట్టా అంతా తెల్లగా ఉంది. తలుపు పిడి మీద అవే వేళ్ళు. పళ్ళ అచ్చులు తీసే పొడి. తలుపుకి తాళం.

"ఓహో, మీరా" అన్నాడు తలుపుతో.

ఆపిల్‌ని గుమ్మం పక్కన పెట్టాడు. రేపో ఎల్లుండో వస్తారు, వచ్చాక స్వయంగా ఎక్కివచ్చి దండం పెట్టాలి అనుకున్నాడు. మేడ మెట్లు కూడా ఎక్కి, ట్యాంకు నీళ్ళు విప్పే చక్రం మీద చెయ్యి వేసి, ఊరంతా ఒకసారి చూసి దిగాడు. కింద స్టూలు మీద కూర్చున్నాకగానీ, దారిలో ఎక్కడా కూర్చోలేదని అతనికి తట్టలేదు.

సాయంత్రం జనం పల్చబడ్డాక ఆమె వచ్చింది. గుడ్డసంచి ఉంది, చిరునవ్వు లేదు. జాలీ తలుపు వేస్తూ అతను మామూలుగా అడిగాడు, "ఊరెళ్ళారా అమ్మా?"

"లేదు బాబూ. ఆయన పోయారు. వారమైంది."

పిడి మీద అతని చెయ్యి అట్లాగే ఉండిపోయింది. ఆమే చెప్పింది, ఎవరికో దారి చెబుతున్నట్టు నెమ్మదిగా. ఇంటికి వచ్చి, కాళ్ళు కడుక్కుని, కూర్చుని మంచినీళ్ళు అడిగారట. తెచ్చేలోపే అయిపోయిందట. బాధపడలేదని డాక్టరు అన్నాడట. నలుగురికి పళ్ళు తయారై ఉన్నాయి, అవి తీసుకెళ్ళి ఇచ్చేద్దామని వచ్చింది. పాపం నమలలేక అవస్థ పడుతుంటారు కదా అంది. పొద్దున్న వచ్చిన ముసలాయన సంగతి అతను చెప్పాడు. ఆయన పళ్ళు కూడా ఉన్నాయంది.

పైన తలుపు దగ్గర ఆపిల్ చూసి ఆగింది. అతను తడబడుతూ కుర్చీ సంగతంతా చెప్పాడు. ఆమె కాయ తీసి కొంగుతో తుడిచింది.

"మీ ఆయాసం మాకు పైదాకా వినపడేది. ఒంటిగంట అయితే ఆయన పని ఆపి చెవి పెట్టేవారు. ఇవాళ నాలుగు, ఇవాళ అయిదు అనేవారు."

"నాకు ఒక్కసారి చెప్పుంటే..."

"చెబితే మీరు వద్దనేవారు." ఆమె తాళం తీసింది. లోపల బల్ల మీద తెల్లటి అచ్చులు వరసగా నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. వాటికేసి చూస్తూనే అంది. "ఆయనకీ యాభై దాటాకే డాక్టరు మెట్లెక్కమని చెప్పాడు. మొదటి అంతస్తుకే గోడ పట్టుకునేవారు. ఆ కుర్చీ అప్పట్లో నేనే జరిపేదాన్ని, ఆయన చూడకుండా. ఊడ్చేవాళ్ళు జరుపుతున్నారేమో అని నాతోనే అనేవారు. ఔనేమోలే అనేదాన్ని."

"ఆయనకి తెలియనే లేదా?"

"నేనూ అట్లాగే అనుకున్నాను ఇన్నేళ్ళూ. మీ కోసం దాన్ని కిందికి దించుతున్న రోజు చెప్పారు. మొదటిరోజు నుంచీ తెలుసట."

పళ్ళ పెట్టెలు నాలుగూ సంచిలో సర్దుకుంది, వాటి మీద ఆపిల్. తాళం వేశాక లిఫ్టు వైపు నడవలేదు. ఈ పూట మెట్ల మీదుగా వెళ్తానంది. అతను లిఫ్టుని అక్కడే వదిలేసి, సంచి అందుకుని, ఆమెకి ఒక మెట్టు ముందు దిగాడు. ఏడో అంతస్తు మలుపులో ఆమె కుర్చీలో కూర్చుంది. అలసట కాదు. ఆ పల్లంలో చేతులు ఒళ్ళో పెట్టుకుని కాసేపు అట్లా ఉంది. అతను గోడ పక్కన నిలబడి కిటికీలోంచి బయటికి చూశాడు.

"రేపు ఎక్కుతారా?" అని అడిగింది లేస్తూ. మేనేజరు సంగతి భవనమంతటికీ తెలిసిందే.

"ఎక్కేశానమ్మా, ఇవాళే. ఆయన్ని వెతుక్కుంటూ."

ఆమె మొహంలో చిరునవ్వు వచ్చింది, లిఫ్టు దిగేటప్పటిది.

ఆమెని వీధి దాకా దిగబెట్టి, అతను మళ్ళీ మెట్లెక్కాడు. లిఫ్టు పైనే ఉండిపోయింది కదా. ఏడో అంతస్తు మలుపులో దీపం వెలిగించి, అలవాటుగా జేబులోంచి పసుపు గుడ్డ తీశాడు. తీసి, మళ్ళీ మడిచి జేబులో పెట్టుకుని పైకి వెళ్ళిపోయాడు. గోడ వారగా కుర్చీ, దాని వీపు మీద అయిదు తెల్లటి వేళ్ళు, ఇంకొక అంతస్తు పైకి ఎత్తబోతూ పట్టుకున్నట్టు.