జెలగాత్ కాలి ఎముక

ఇటెన్ అనే కొండ ఊళ్లోని పరుగు శిబిరంలో అందరికంటే పాత మనిషి జెలగాత్. బడి మానిన నాటి నుంచి కొండదారుల్లో పరిగెడుతూనే ఉంది. పరుగు ఆమె ఒంటిని తనకు కావలసినట్టు మలచుకుంది. గుండె పెద్దదైంది, కొట్టుకోవడం నెమ్మదించింది. కొత్త నర్సులు నాడి పట్టుకుని కంగారుపడితే నవ్వేది. నెలసరి ఎప్పుడు ఆగిపోయిందో ఆమెకే గుర్తులేదు. అప్పట్లో కోచ్ కిమైయోకు చెబితే, "మంచిదేగా! ఒళ్లు దారికొచ్చిందన్నమాట," అన్నాడు. ఆమె నమ్మింది. పిల్లలు కలగలేదని భర్త వేరే పెళ్లి చేసుకున్నప్పుడు కూడా నమ్మింది.

ఒక ఏడాది వానలకు ముందు, పరుగున కొండ ఎక్కుతుండగా, పడకుండానే కాలి ఎముక చిట్లింది.

దగ్గరి పట్నం ఎల్డొరెట్‌లో డాక్టరమ్మ ఎక్స్‌రే చూసింది, గుండె కూడా పరీక్షించింది.

"గుండె చూస్తే గుర్రానిదిలా ఉందమ్మా. ఎముకలు మాత్రం ముసలమ్మవి. నెలసరి వస్తోందా?"

"ఆగిపోయి ఏళ్లయింది."

"ఎవరూ అడగలేదా?"

"ఎవరడుగుతారు? గెలుస్తున్నాను కదా."

"తిన్నదంతా పరుగుకే పోయింది. ఒళ్లు ఏం చేస్తుంది? ముందు నెలసరి ఆపేసింది, తర్వాత ఎముకల్ని వదిలేసింది. ఇక పరుగు మానేసి కడుపునిండా తిను."

శిబిరంలో ఆమె మంచం వేరొకరికిచ్చారు. జెలగాత్ ఊరి చివర గది తీసుకుంది. ఒక్కతే మొక్కజొన్న పిండితో ఉగాలి సంకటి వండుకుని, ఒక్కతే తినేది. పొద్దున్నే శిబిరం గుంపు వాకిటి ముందు నుంచి పరిగెత్తుతూ పోతుంటే కాళ్లు ఊరుకునేవి కావు. మంచంపట్టె గట్టిగా పట్టుకుని కూర్చునేది. మొదట్లో ఒకరిద్దరు చెయ్యి ఊపేవారు. తర్వాత అదీ లేదు.

నెలలు గడిచాయి. ఎముక అతుక్కుంది, బుగ్గలు నిండాయి. ఒకరోజు లేచేసరికి బట్టలకు నెత్తురు. గడప మీద కూలబడి నవ్వింది, ఏడ్చింది. ఎవరికి చెప్పాలి? అమ్మ లేదు. తెలిసినవాళ్లంతా పరుగులో ఉన్నారు.

మర్నాడు రోడ్డు మీదికెళ్లి నిలబడింది. ఒకప్పుడు తన గదిలోనే ఉన్న జెమ్‌తాయ్ గుంపులో అందరికంటే వెనక వస్తోంది. పిలిచింది.

"అయ్యో అక్కా, ఎంత లావయ్యావే! గుర్తే పట్టలేదు."

"నా సంగతి సరేలే. నీకు నెలనెలా వస్తోందా?"

జెమ్‌తాయ్ నిలబడ్డచోటే కాళ్లాడిస్తూ గుంపు వైపు చూసింది. "ఛీ, రోడ్డు మీద ఏం మాటలక్కా!"

"వస్తోందా, లేదా?"

"లేదు. మంచిదేనన్నాడు కోచ్."

"నాకూ అదే చెప్పాడు. డాక్టరమ్మ దగ్గరికి పోదాం పద, నేను తోడొస్తా."

"పందెం అయ్యాక వస్తాలే అక్కా," అంటూ పరిగెత్తింది.

పందెం అయిపోయింది. జెమ్‌తాయ్ రాలేదు. జెలగాత్ మాత్రం రోజూ ఆ మలుపులో నిలబడుతోంది, ఒక్కో పిల్లనీ పేరు పెట్టి పిలుస్తూ.