సన్యాసమ్మ దాకా లైను

సాయంత్రం ఆరు కావస్తుండగా మా పోలింగు బూతుకీ సన్యాసమ్మ ఇంటికీ మధ్య రోడ్డు మరింత పొడుగు సాగుతుంది. కిటికీలోంచి నాకు కనిపిస్తూనే ఉంది. గెడ్డ మీద వంతెన పక్కనున్న మైలురాయి ఈపాటికే రెండు పిల్లల్ని పెట్టింది.

సన్యాసమ్మ పొద్దున్నే బయల్దేరింది. కర్ర పోటేసుకుంటూ నడుస్తూనే ఉంది. ఆవిడ ఒక అడుగు వేస్తే రోడ్డు రెండడుగులు వేస్తోంది. ముసలావిడతో దానికి పోటీ ఏమిటో నాకు అర్థం కాదు.

నేను ప్రిసైడింగ్ ఆఫీసర్ని. మామూలు రోజుల్లో తొమ్మిదో తరగతికి లెక్కలు చెబుతాను. ఇవాళ మాత్రం ఈ గదిలో నా మాటే మాట, ఎన్నికల సంఘం మాటే నా మాట. సంఘం నాతోపాటు ఒక గడియారాన్ని పంపింది. పొద్దున్న అది నా పక్కనే కూర్చుని ఉప్మా తింది. మధ్యాహ్నం ఊరి పెద్దాయన వచ్చి, "మావాళ్ళు పొలాల నుంచి రావాలి, దాన్నో పావుగంట పడుకోబెట్టండి మేడమ్" అన్నాడు. "దానికి నిద్ర రాదండీ" అన్నాను.

ఆ మాటే ఇప్పుడు నాకు అడ్డం తిరిగింది. పెద్దాయనకి ఇవ్వనిది సన్యాసమ్మకి ఎలా ఇస్తాను?

అంత దూరంలో ఉన్నా ఆవిడ మాట మాత్రం పక్కన కూర్చున్నట్టే వినిపిస్తుంది.

"పోయిన ఎలచ్చన్లకి నానొచ్చీసరికే నా ఓటు ఎవులో ఏసీనారంట తల్లీ. ఉత్త ఏలుతో ఇంటికెల్పోనాను. ఈపాలి కూడా సిరా ఎట్టించుకోకుండానే సచ్చిపోతానేటో."

"రా మామ్మా, నేనున్నాను కదా" అంటాను.

ఉండి ఏం లాభం. ఆరు కొట్టేసరికి లైనులో ఉన్నవాళ్ళకే ఓటు. వాళ్ళందరికీ నేను సంతకం చేసిన చీటీలివ్వాలి, చివరి మనిషితో మొదలుపెట్టి ముందుకి రావాలి. అలాగైతే వెనక కొత్తగా ఎవరూ దూరలేరు. ఎవరు ఆలోచించారో గానీ ముచ్చటైన పద్ధతి. ఆ చివరికి సన్యాసమ్మ చేరేలా లేదు. నాకు ఏడుపొస్తుంది.

గదిలో ఇద్దరు ఏజెంట్లున్నారు, తవిటినాయుడూ లోకనాథమూ. ఎదురెదురు పార్టీలు. గది ఇరుకని ఇద్దరికీ కలిపి ఒకటే నీడ కేటాయించారు. అయినా పొద్దుట్నుంచీ ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు.

"టైము పొడిగిస్తే నేనొప్పుకోను" అంటాడు తవిటినాయుడు.

"నేనూ ఒప్పుకోను" అంటాడు లోకనాథం.

"నేను మాత్రం ఒప్పుకుంటానా" అంటాను.

వాళ్ళ నీడ లేచి గుమ్మం దాకా వెళ్ళి, రోడ్డు చూసి, తిరిగొచ్చి కూర్చుంటుంది.

"లైను ఎంత పొడుగుండాలో రూలేమైనా ఉందా మేడమ్?" తవిటినాయుడు అడుగుతాడు.

నేను బాగా ఆలోచిస్తాను. "లేదు."

"మరింకేం" అంటాడు లోకనాథం.

గుమ్మంలోంచి ఆ మాట బయటికి వెళుతుంది. లైనులో చివరి మనిషి ఒక అడుగు వెనక్కి వేస్తాడు. అతని ముందున్నావిడ, చంకలో బిడ్డతో, తనూ వెనక్కి జరుగుతుంది. ఇక లైను జీళ్ళపాకంలా సాగుతూ పోతుంది. చేతులు అందని చోట కొంగులూ కండువాలూ పట్టుకుంటారు. గెడ్డ తనకి ఓటు లేదని చెప్పి, కాసేపు పక్కకి జరిగి నిలబడుతుంది. గడియారం బల్ల దిగి గుమ్మంలో మునివేళ్ళ మీద లేచి చూస్తుంది గానీ, ఒక్క క్షణం కూడా ఆలస్యం చెయ్యదు.

చివరి మనిషి వెనక్కి తిరిగి, "నా వెనక నిలబడు మామ్మా" అంటాడు. సన్యాసమ్మ నిలబడుతుంది. ఆరు కొడుతుంది.

నేను చీటీలు పట్టుకుని చివరికి నడుస్తాను. నాకు ఆ రోడ్డు మా బడి వరండా అంతే ఉంది.

"ఇదిగో మామ్మా, ఒకటో నంబరు."

"ఆకరుదానికి ఒకటో నంబరేటి తల్లీ?"

"అదే రూలు."

ఆవిడ చీటీని రెండు చేతులా పట్టుకుని నవ్వుతుంది. అంత సంతోషం నేను ఈ ఉద్యోగంలో చూడలేదు.

లైను తెగకూడదని, ఓటేసినవాళ్ళు కూడా ఇళ్ళకి పోకుండా ఆవిడ వచ్చేదాకా రోడ్డు వారగా నిలబడే ఉంటారు. సిరా పెట్టడం నా పని కాదు గానీ, ఈ ఒక్క వేలికి నేనే పెడతాను. గోటి మీద నుంచి కిందికి గీస్తుంటే, కిటికీలో రోడ్డు గీసినంత మేరా తగ్గిపోతూ ఉంటుంది. గీత పూర్తయ్యేసరికి బయట రోడ్డు లేదు.

ఆవిడ అట్ట చాటుకి వెళుతుంది. మిషను కుయ్యిమంటుంది. బయటికొచ్చి వేలు కళ్ళకి దగ్గరగా పెట్టుకుంటుంది. నల్లటి గీత పొడుగునా మేమందరం వరసగా నిలబడి ఉన్నాం, ఒకే నీడతో తవిటినాయుడూ లోకనాథమూ, పక్కకి జరిగిన గెడ్డ, అన్నిటికన్నా చివర గడియారం.

"ఊదితే బేగి ఆరుద్దా తల్లీ?"

"నెమ్మదిగా ఊదు మామ్మా" అంటాను, ఆవిడ గోటి మీద నుంచి.

పైనుంచి వెచ్చగా గాలి వస్తుంది. ఒకరి కొంగు ఒకరం గట్టిగా పట్టుకుంటాం.