నీళ్ళు ముట్టని ఉపవాసం

ఆమదాలవలస చర్చి సంఘంలో ఎవరు సాక్ష్యం చెప్పినా చివరికి కృపారాణి పొగడ్తే. ఈస్టరుకి ముందొచ్చే శ్రమదినాలు నలభై రోజులూ పగలంతా ఉపవాసం ఉంటుందట! వినీ వినీ ఆమె తోటికోడలు ఎలీసమ్మకి ఒళ్ళు మండిపోయింది.

"అది తిండి మానితే నేను పగలు నీళ్ళు కూడా ముట్టను. ఎవులిది గొప్పో సూద్దాం!" అంది మొగుడితో.

అప్పటికే ఎలీసమ్మ నడుం చుట్టూ సర్పి లేచి, ఎర్రటి పొక్కులు మంట పుట్టిస్తున్నాయి. డాక్టరు రోజుకి ఐదు వైరస్‌ని అణిచే మాత్రలు రాసి, "నీళ్ళు బాగా తాగాలమ్మా, లేకపోతే ఈ మందు కిడ్నీలు పాడుచేస్తుంది" అని రెండుసార్లు చెప్పాడు. ఎలీసమ్మ మాత్రలు మానలేదు. వాటిని ఒట్టి నోటితోనే మింగి, ఎండిన పెదాలు అందరికీ కనబడేలా చర్చిలో ముందు వరసలో కూర్చుంది.

నాలుగో రోజుకి వాంతులు పట్టుకున్నాయి, మూత్రం ఆగిపోయింది. శ్రీకాకుళం ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించి గండం గట్టెక్కించారు. పక్కన కూర్చున్నది కృపారాణే.

"ఏటక్కా ఈ పని? నీళ్ళు మానీమని ఎవులు సెప్పారు? నానైతే మూడుపూటలా పాలు పోసి టీ తాగుతాను," అంది గుసగుసగా.

అంతలో సంఘం ఆడవాళ్ళు వచ్చారు. "ఉపవాసంతో ఉండి కూడా తోటికోడలికి సేవ చేస్తన్నాది, ఎంత భక్తో!" అన్నారు కృపారాణిని చూసి.

టీ సంగతి చెప్పేద్దామని ఎలీసమ్మ నోరు తెరిచింది. కృపారాణి ప్రేమగా ఆ నోటికి నీళ్ళ గ్లాసు అందించింది.