ఉగ్గు వేళ గాజులు

షెర్లీ కంటే ముందు షెర్లీ సామాను వచ్చింది ఆ ఇంటికి. పసిపిల్ల నోట్లోకి నాలుగు మెతుకులు వెళ్ళడానికి ఇంత సరంజామా కావాలని గురజాలలో ఆ వీధికి అప్పటిదాకా తెలియదు. మాచవరం హైస్కూల్లో లెక్కలు చెప్పే సుధీర్ బాబు ఫోను ముందేసుకుని ఒక్కొక్కటే ఆర్డరు పెట్టాడు. చిగుళ్ళకు తగిలినా నొప్పి పుట్టని మెత్తటి స్పూన్లు, బల్లకు అతుక్కుని ఎంత లాగినా ఊడిరాని గిన్నె, జారిపడ్డ ముద్దను ఒడిసిపట్టే జేబున్న బిబ్బు, బెల్టు పెట్టి కూర్చోబెట్టే ఎత్తు కుర్చీ. పార్శిళ్ళు తెచ్చే అతను దారి అడగడం కూడా మానేశాడు.

"పిల్లకు అన్నం పెడతన్నావా, హోటల్ పెడతన్నావా?" అంది వాళ్ళమ్మ కాంతమ్మ.

అన్నదే గానీ ఆవిడ మాత్రం తక్కువ తిన్నదా? పాతబియ్యం, పెసరపప్పు, కందిపప్పు కడిగి నీడన ఆరబోసింది. దోరగా వేయించి, మెత్తటి రవ్వలా పట్టి, పలచటి గుడ్డలో జల్లించి, ఉగ్గుపొడి డబ్బాకెత్తింది. సుధీర్ బాబు పసితనంలో తాగిన ఉగ్గుగిన్నెను అటక మీంచి దింపి మొహం కనపడేలా తోమింది. అంతా అయ్యాక గుమ్మంలో కూర్చుని, పిల్ల ఎప్పుడొస్తుందా అని కళ్ళలో వత్తులేసుకుని చూసింది.

సుధీర్ బాబు భార్య శాంతికి మాత్రం ఇదంతా కలలో జరుగుతున్నట్టే ఉంది. పెళ్ళయి పుష్కరం దాటింది. ఎక్కని ఆసుపత్రి మెట్టు లేదు. చివరికి దత్తతకు పేరు రాయించుకుని, ఆ పేరు పిలుపుకొచ్చేదాకా ఏళ్ళ తరబడి ఎదురుచూసి, శిశుగృహ నుంచి ఏడో నెల పిల్లను ఒళ్ళో పెట్టుకుని వచ్చింది. దారి పొడుగునా మిరపచేలు ఎర్రగా పండి ఉన్నాయట, ఆమె ఒక్కటీ చూడలేదు. ఇంటికొచ్చాక కూడా అడుగు మెల్లగా వేసేది, తలుపు మెల్లగా మూసేది. గట్టిగా మాట్లాడితే ఎక్కడ ఆ కల చెదిరి మెలకువ వచ్చేస్తుందోనని భయం.

షెర్లీ అని పేరు పెట్టుకున్నారు. నిద్రమత్తులో పాలసీసా తాగేది, ఎత్తుకుంటే మెడలో మొహం దాచుకునేది. అన్నీ బాగానే ఉన్నాయి, ఒక్కటి తప్ప. ఉగ్గు పెట్టబోతే నోరు తెరవదు. ఏడవదు, పెనుగులాడదు, పెదాలు బిగించుకుని నిమ్మళంగా చూస్తూ కూర్చుంటుంది. మెత్తటి స్పూను పనికిరాలేదు, పాత ఉగ్గుగిన్నె పనికిరాలేదు. ఎత్తు కుర్చీలో కలెక్టరులా కూర్చుని అందరి అర్జీలూ తోసిపుచ్చింది. డాక్టరు తూకం వేసి, "పాలొక్కటే చాలవమ్మా, బరువు పెరగట్లేదు. ఎలాగోలా అలవాటు చెయ్యండి" అన్నాడు. ఆ 'ఎలాగోలా' ఎలాగో ఆయనా చెప్పలేదు.

వాళ్ళ ఇంటికి ఎదురుగా అక్తర్ బేగం గాజుల కొట్టు. ఎదురుగా కొట్టుండీ ఇన్నేళ్ళలో ఈ ఇంటి నుంచి ఒక్క జత బేరం లేదు. కాంతమ్మ, శాంతి బాప్తిస్మం తీసుకున్న విశ్వాసులు. వాళ్ళ సంఘంలో ఆడవాళ్ళు నగా నట్రా పెట్టుకోరు, మట్టిగాజులు కూడా వేసుకోరు. శాంతి తన గాజుల్ని పద్దెనిమిదో ఏట బాప్తిస్మం రోజున సాగరు కాలువ గట్టున ఇష్టపడే తీసేసింది. అక్తర్ బేగం ఇదంతా మనసులో పెట్టుకునే మనిషి కాదు. కూరగిన్నెలు వీధికి అటూ ఇటూ నడుస్తూనే ఉంటాయి.

ఒకరోజు పాయసం గిన్నె ఇవ్వడానికొచ్చిన ఆవిడ కోడలు మెహ్జబీన్, శాంతి అవస్థ చూసి పక్కన చతికిలబడింది.

"ఇటియ్యక్కా, నేనో ముద్ద పెట్టి చూస్తా."

చెయ్యి చాపి స్పూను అందుకుందో లేదో, షెర్లీ నోరు తెరిచింది. ఒక ముద్ద కాదు, గిన్నె ఖాళీ అయ్యేదాకా తిన్నది. మర్నాడు అక్తర్ బేగం వచ్చి పెట్టింది. అప్పుడూ తిన్నది. శాంతి స్పూను తీసుకుంటే మళ్ళీ పెదాలు బిగిసిపోయాయి.

శాంతి సంతోషించాలి. సంతోషించింది కూడా. తర్వాత వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి, ఆ నీళ్ళ చప్పుడులో ఏడ్చింది. వీధిలో అందరి చేతా తినే పిల్ల అమ్మ చేత తినదు. కన్నది కాదని ఆ పసిదానికి ఎవరు చెప్పారు? మెహ్జబీన్ మీద కోపం వచ్చింది. పాపం ఆ పిల్ల చేసిన తప్పేముంది, అయినా వచ్చింది.

ఆ మధ్యాహ్నం ఎండ వీధిని మాటాడకుండా చేసేసింది. శాంతి చల్లటి నాపరాళ్ళ గచ్చు మీద పిల్లను పక్కనేసుకుని పడుకుంది. నిద్రో మగతో తెలియని దాంట్లో కృష్ణ ఒడ్డు కనపడింది. అవతలి ఒడ్డున షెర్లీ కూర్చుని ఉంది. ఎవరో ఉగ్గు పెడుతున్నారు. మొహం కనపడటం లేదు, చేతులు మాత్రమే కనపడుతున్నాయి, పొద్దంతా పనిచేసి బరకబారిన చేతులు. శాంతి పిలవబోయింది, గొంతు రాలేదు. ఆ చేతులు కదిలినప్పుడల్లా నీళ్ళ మీదుగా సన్నటి చప్పుడు వచ్చి ఇవతలి ఒడ్డుకు తగులుతోంది. ఎంత హాయిగా ఉందో ఆ చప్పుడు. ఆమెకు కూడా ఆకలేసింది.

మెలకువ వచ్చింది. చప్పుడు మాత్రం పోలేదు.

పక్కన షెర్లీ కిటికీ వైపు తల తిప్పుకుని ఉంది. నోరు తెరుచుకుని ఉంది. స్పూను లేదు, గిన్నె లేదు, ఎదురుగా మనిషి లేదు. వీధిలో అక్తర్ బేగం ఆటోలోంచి గాజుల మలారాలు దింపిస్తోంది. దండలు దండలుగా గుచ్చిన గాజులు ఒకదానికొకటి తగిలి గలగలమంటున్నాయి. చప్పుడు ఆగితే పిల్ల నోరు మూసింది. మళ్ళీ గల్లుమంటే మళ్ళీ తెరిచింది.

శాంతి తన చేతుల వైపు చూసుకుంది. రెండు మణికట్లూ బోసిగా ఉన్నాయి.

వెంటనే శిశుగృహకు ఫోను చేసి పిల్లల్ని చూసుకునే ఆయమ్మను ఫోను దగ్గరికి పిలిపించింది.

"అయ్యో తల్లీ, నీకు చెప్పనే లేదు గదా!" అని నొచ్చుకుంది ఆయమ్మ. "చానా మంది పిల్లలమ్మా మా దగ్గర. ఒక్కొక్కర్నే పేరు పెట్టి పిలుస్తా కూర్చుంటే యాడ తెములుద్ది? నేను గిన్నె తీసుకుని వస్తంటే నా గాజులు వినపడతయ్. అందరూ నోళ్ళు తెరుస్తరు. వాళ్ళకదే పిలుపు."

ఫోను పెట్టేసి శాంతి పిల్లను ఒళ్ళోకి తీసుకుంది. ఈ భూమ్మీదికి వచ్చి ఏడు నెలలైంది. అన్నానికి రమ్మని దీన్ని పేరు పెట్టి పిలిచిన వాళ్ళు లేరు. పిల్ల తనను కాదనడం లేదు. పిలుపు కోసం కూర్చుని ఉంది. అంతే.

గాజులు వేసుకోకుండా గట్టెక్కే దారులన్నీ అత్తగారికి తెలియకుండా వెతికింది. తాళంచెవుల గుత్తి ఆడించింది, గిన్నె మీద స్పూనుతో కొట్టింది. సుధీర్ బాబు మెహ్జబీన్ గాజుల చప్పుడు ఫోనులో రికార్డు చేసి వినిపించాడు. షెర్లీ ఫోనునే తినబోయింది.

కాంతమ్మ మందిరంలో స్త్రీల ప్రార్థనకు వెళ్ళిన పూట చూసి, పిల్లను సుధీర్ బాబుకు అప్పజెప్పి శాంతి వీధి దాటింది. కాలువ గట్టు గుర్తొచ్చి కాళ్ళు వెనక్కి లాగాయి. ఇంట్లో ఉగ్గు చల్లారిపోతోందని గుర్తొచ్చి ముందుకు నడిచింది.

అక్తర్ బేగం ఎందుకని అడగలేదు. "కూర్చో బేటీ. ఏ రంగు తియ్యమంటావ్?"

"రంగు ఏదైనా పర్లేదు పిన్నీ. చప్పుడు బాగా వచ్చేవి కావాలి."

పెళ్ళిళ్ళకూ సీమంతాలకూ ఊరందరికీ గాజులు తొడిగిన మనిషి, ఇలాంటి బేరం ఎన్నడూ వినలేదు. ఒక క్షణం చూసి, లేచి పెట్టెలన్నీ దింపింది. ఒక్కో జతా చెవి దగ్గర పెట్టుకుని ఆడించడం, తల అడ్డంగా ఊపి పక్కన పెట్టడం. కొట్టంతా ఎరుపు, పచ్చ, నీలం వెలుతురు ఊగింది. ఇద్దరూ కళ్ళు మూసుకుని విన్నారు. ఒక పచ్చ గాజుల జోడు దగ్గర ఇద్దరూ ఒకేసారి కళ్ళు తెరిచారు. అక్తర్ బేగం అంచుల మీద వేలితో తడిమి, గరుకు లేదని చూసుకుని, శాంతి చేతిని రెండు చేతుల్లోకి తీసుకుని అలాంటివే చేతికి అరడజను చొప్పున మెల్లగా నొక్కుతూ ఎక్కించింది.

ఇంటికొచ్చి గిన్నె తీసుకోగానే షెర్లీ నోరు తెరిచింది. శాంతికి కళ్ళ వెంట నీళ్ళు ధారకట్టాయి. ప్రతి ముద్దకూ చెయ్యి ఆడించి, "షెర్లీ" అని పిలిచి మరీ పెట్టింది. గాజులతో పాటు పేరు కూడా లోపలికి వెళ్ళనీ అనుకుంది. తర్వాత గాజులు తీసి, బిబ్బు వచ్చిన ఖాళీ అట్టపెట్టెలో దాచేసింది.

కాంతమ్మ వచ్చి ఖాళీ గిన్నె చూసింది. "ఏమే, నీ చేత్తోనే తినిందా?"

"తిన్నది అత్తయ్యా."

ఆవిడ అక్కడికక్కడే గచ్చు మీద మోకరించింది. శాంతి నోటిదాకా వచ్చిన మాట అక్కడే ఆగిపోయింది. ఆదివారం కాంతమ్మ మందిరంలో లేచి నిలబడి, మా బిడ్డ నోరు దేవుడు తెరిపించాడని సాక్ష్యం చెప్పింది. శాంతి తల ఎత్తలేకపోయింది.

ఆ వారంలోనే వాళ్ళింట్లో ప్రార్థన కూడిక. పాటలయ్యాయి, ప్రార్థనయింది. పాస్టరమ్మ నవ్వుతూ, "ఏదీ కాంతమ్మా, బిడ్డ తింటంటే మేం కూడా చూడొద్దా?" అంది. కాంతమ్మ గర్వంగా లోపలికెళ్ళి, వేడివేడి ఉగ్గులో నెయ్యి వేసి తెచ్చి కోడలి చేతికిచ్చింది.

శాంతి చల్లార్చి స్పూను ఎత్తింది. షెర్లీ ఆ బోసి చేతి వైపు చూసింది. పెదాలు బిగించింది. శాంతి పేరు పెట్టి పిలిచింది. పేరు ఇంకా లోపలికి ఇంకలేదు. చాప మీద ఆడవాళ్ళు సర్దుకు కూర్చున్నారు. కాంతమ్మ మొహంలో వెలుగు తగ్గిపోతూ ఉంది.

ఆకలి లేదేమోనంటే అయిపోయేది, అందరూ నమ్మేవాళ్ళు. కానీ పిల్లకు ఆకలేస్తోంది. ఆ సంగతి తెలిసింది ఆ గదిలో శాంతి ఒక్కదానికే. ఆమె గిన్నె కింద పెట్టి లోపలి గదిలోకి వెళ్ళింది. ఆమె కంటే ముందు చప్పుడు బయటికొచ్చింది. తర్వాత పచ్చగాజుల చేతులతో ఆమె వచ్చి, ఎవరి వైపూ చూడకుండా కూర్చుంది. షెర్లీ నోరు ఇంత చేసి తెరిచింది.

పాస్టరమ్మ చాప అల్లిక వైపు చూస్తోంది. ముద్ద తర్వాత ముద్ద, గాజుల చప్పుడు తప్ప ఆ ఇంట్లో ఇంకో చప్పుడు లేదు. శాంతి చెంపల మీదుగా జారే కన్నీళ్ళు గిన్నెలో పడకుండా భుజంతో తుడుచుకుంది.

కాంతమ్మ గొంతు సవరించుకుంది.

"మొన్న నా సాక్ష్యంలో ఒక మాట తక్కువైంది" అంది. "బిడ్డ నోరు దేవుడు తెరిపించాడని చెప్పా గదా. దేంతో తెరిపించాడో చెప్పలా. అప్పుడు నాకూ తెలవదు."

ఆ మాట కొందరికి నచ్చింది, కొందరికి నచ్చలేదు. నచ్చనివాళ్ళు కూడా టీ తాగే వెళ్ళారు. అందరూ పోయాక కాంతమ్మ కోడలి పక్కన కూలబడి, ముడతలు పడ్డ ముంజేయి చాపింది.

"రెండు నాకియ్యి. పొద్దున పూట ఇంక నేనే పెడతా."

ఎండలు పోయి వానలొచ్చాయి. శాంతి గాజులు కుళాయికి తగిలి ఒకటి, తలుపు గొళ్ళేనికి తగిలి ఒకటి చిట్లిపోతూ వచ్చాయి. మళ్ళీ కొనలేదు. చప్పుడు పలచనయ్యేకొద్దీ పేరు గట్టిగా పిలిచేది. ఆఖరి గాజు గచ్చు మీద పగిలిన రోజున పెంకులన్నీ ఊడ్చిపారేసి, గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడింది. షెర్లీ ఎత్తు కుర్చీలో కూర్చుని కిటికీలోంచి వాన చూస్తోంది.

"షెర్లీ!"

పిల్ల తల తిప్పింది. చేతి వైపు చూడలేదు. అమ్మ మొహంలోకి చూసి నోరు తెరిచింది.

"ఏందే అట్టా నిలబడ్డావ్? బిడ్డ నోరు తెరుచుకోని కూర్చుంటే!" అని కాంతమ్మ కేకేసేదాకా శాంతికి చేతిలో గిన్నె ఉన్న సంగతే గుర్తులేదు.

తినిపించడం అయ్యాక శాంతి పిల్ల మూతి తుడుస్తూ అంది. "ఇంక మీరు కూడా గాజులు తీసెయ్యొచ్చు అత్తయ్యా. పేరు పెట్టి పిలిస్తే చాలు."

కాంతమ్మ పైటకొంగు మణికట్టు మీదికి లాక్కుంది. "నువ్వు పిలిస్తే పలికింది. నేను పిలిస్తే ఇంకా పలకట్లా. ఇంకొన్నాళ్ళు ఉండనీ."

నా తల్లీ, నా బంగారం అనడమే తప్ప, ఆవిడ షెర్లీని పేరు పెట్టి పిలవడం శాంతి ఇంతవరకూ వినలేదు. ఆ మాట పైకి అనకుండా, కడగమని గిన్నె అత్తగారి చేతికిచ్చింది. కొంగు కింద గాజులు రెండూ గల్లుమన్నాయి. కడుపు నిండిన షెర్లీ మళ్ళీ నోరు తెరిచింది.