ఆముదం తాగిన మోటారు

కల్వకుర్తి మిషను దవాఖానలో మోటారు నడిపే సోమన్నకు డాక్టరు ప్రమీలమ్మ శనివారం దాకా గడువిచ్చింది. ఆగిపోయిన బండి ఆలోగా కదలకపోతే హైదరాబాదు నుంచి మనుషులొచ్చి తీసుకుపోతారు. బండి లేకపోతే డ్రైవరుతో పని లేదు. డ్రైవరు కానివాడికి మోటారు కొట్టం వెనక గది ఇవ్వరు.

ఆ గదిలో సోమన్న, జానమ్మ పద్నాలుగేళ్లు కాపురం చేశారు. జానమ్మ జ్వరంతో పోయి ఏడాది దాటింది. ఆమె తల ఆనించి కూర్చునే చోట గోడ మీద ఆముదం మరక ఇంకా ఉంది. ఆ మరకను వదిలి సోమన్న ఎక్కడికీ పోలేడు.

గురువారం పొద్దున్నే బండి కిందికి దూరి, ఇంజను అడుగున నూనె నిలిచే చట్టికి ఉన్న మర విప్పాడు. నూనె బొటబొటా కారాలి. ఒక్క చుక్క రాలేదు. పుల్ల పెట్టి పొడిస్తే నల్లటి జిగురు తీగలా సాగింది. చట్టి మొత్తం ఊడదీసి చూస్తే అడుగున నాలుగు వేళ్ల మందం మడ్డి, పాకం ముదిరి గట్టిపడినట్టు. దగ్గరికి వంగితే ఆముదం వాసన. జానమ్మ తల వాసన.

ఈ ఘనకార్యం ఎవరిదో కాదు, సోమన్నదే. యుద్ధం రోజుల్లో ఇంజను నూనె డబ్బా కంటికి కనబడలేదు. పాలమూరు సీమలో ఆముదానికి మాత్రం కొదవేమిటి? జానమ్మ కూలికి పోయి తెచ్చిన గింజలు వేయించి, దంచి, ఉడకబెట్టి, పైకి తేలిన నూనెను పాత చీర కొంగులో వడగట్టి ఇచ్చింది. ఇస్తూ ఒక మాట చెప్పింది.

"పాత నూనె మొత్తం తీసి, తుడిచి, గప్పుడు పొయ్యి. మూకుట్ల మడ్డి మీద కొత్త నూనె పోస్తే ఏమైతదో నాకెరుకే."

"గిది మూకుడు గాదే, మోటరు! గిండ్ల అప్పాలు కాలుస్తవా?" అన్నాడు సోమన్న. అని ఊరుకోలేదు, దవాఖాన అంతా తిరిగి ఆ మాట చెప్పి నవ్వించాడు. జానమ్మ కూడా నవ్వింది. అతను పాత నూనె మీదే ఆముదం పోశాడు. తగ్గినప్పుడల్లా మళ్లీ పోశాడు. రెండూ కలవక ఇంజను రోజురోజుకూ మొద్దుబారింది. జానమ్మ రోజూ సాయంత్రం అడిగేది, "మోటరు మంచిగ నడుస్తాందా?" అని. "నడుస్తాంది" అనేవాడు. చివరి రోజు కూడా అదే అబద్ధం చెప్పాడు.

దీపాల్లో పోసే గ్యాసునూనెతో కడిగితే మడ్డి కదలలేదు. ప్రమీలమ్మ దవాఖాన స్పిరిటు సీసా ఇచ్చి, "దీన్తోనన్న పోతదేమో చూడు" అంది. స్పిరిటులో నానబెట్టి, కొబ్బరిచిప్పతో గీకి, చట్టిలో నూనె వడగట్టే జల్లెడ కన్నాలు సూదితో పొడిచి రెండు రోజులు శుభ్రం చేశాడు. జానమ్మ చేతి నూనె అంతా చెక్కలు చెక్కలుగా ఊడి వచ్చింది. ఒక ముద్ద దాచుకుందామనుకున్నాడు. అంతలోనే సిగ్గేసి గుంటలో పారేశాడు. పారేశాక ఏడుపొచ్చింది. బండి కింద పడుకుని ఏడిస్తే ఎవరికీ కనబడదు, అదొక్కటే సుఖం.

శనివారం మధ్యాహ్నం చట్టి బిగించి, యుద్ధం అయిపోయాక పట్నం నుంచి వచ్చిన డబ్బాలోని కొత్త నూనె పోసి, హ్యాండిలు తిప్పాడు. మూడోసారికి ఇంజను అందుకుంది. చప్పుడులో గరగర లేదు. ప్రమీలమ్మ వరండాలోంచి దిగి వచ్చి, "శబాష్ సోమన్నా! ఇంక దీన్ని ఎవ్వరు తీస్కపోరు" అంది.

గది నిలిచింది. సోమన్న వెనక్కి తిరిగి తెరిచి ఉన్న తలుపు వైపు చూశాడు.

"మంచిగ నడుస్తాందే! నువ్వన్నదే నిజం" అని గట్టిగా అరిచాడు.

"ఎవరితోని మాట్లాడుతున్నవ్?" అంది ప్రమీలమ్మ.

సోమన్న నల్లబడ్డ చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు.

"ఎవ్వరు లేరమ్మా" అన్నాడు.